యెషయా వచ్చాడు, కరెంటు పోయింది

యెషయాకు ఒకటే జబ్బు. ఎవరింటికి పోయినా ముందు ఆ ఇంట్లో కరెంటు తీసేస్తాడు.

పగబట్టి కాదు సుమండీ. చుట్టమన్నవాడు గడప దాటగానే కాళ్ళు కడుక్కుంటాడు, ఫ్యాను కింద కూలబడతాడు, పిల్లల చదువులు అడుగుతాడు. యెషయా మాత్రం గోడల వంక చూస్తూ మీటరు డబ్బా ఎక్కడుందా అని వెతుక్కుంటాడు. దొరికిందా, మూత తీస్తాడు. లోపల లావుపాటి స్విచ్ ఒకటుంటుంది, దాని మీద చిటికెన వేలి గోరంత బటన్. నొక్కుతాడు. ఠక్‌మంటుంది. ఫ్యాను ఆగుతుంది, టీవీ ఆగుతుంది, మిక్సీలో పచ్చడి సగం నలిగి ఆగుతుంది. వంటింట్లోంచి ఇంటావిడ, "యెషయన్న వచ్చినట్టున్నడు, చాయ్ పెట్టాల్నా?" అని కేకేస్తుంది. ఆయన ముఖం అప్పుడు చూడాలి, పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోతుంటుంది. "మంచిగ పడ్డది! దేవునికి స్తోత్రం!" అని మీట మళ్ళీ పైకెత్తి, అప్పుడొచ్చి కూర్చుంటాడు.

ఆ స్విచ్‌కు ఆర్‌సీసీబీ అని పెద్ద పేరుంది కానీ గోదావరిఖనిలో అందరూ ట్రిప్ స్విచ్ అనే అంటారు. కరెంటు తన దారిన తాను పోకుండా తడిలోకో, ఇనుములోకో, మనిషి ఒంట్లోకో మళ్ళిందంటే అది టక్కున పడిపోయి ఇంటికి సప్లై ఆపేస్తుంది. అది సరిగా ఉందో లేదో చూసుకోవడానికే ఆ బటన్. అప్పుడప్పుడు నొక్కి చూసుకోమని అందరికీ చెబుతారు, ఒక్కరూ నొక్కరు. ఊరందరి వాటా యెషయా ఒక్కడే నొక్కుతాడు.

ఇంత చెప్పాక ఆయన్ని ఏ ఎలక్ట్రీషియనో అనుకునేరు. అబ్బే! బొగ్గు బావి క్యాంటీన్‌లో వంట చేసి రిటైరైన మనిషి. బల్బు మార్చాలన్నా భార్య క్యాథరిన్‌ను పిలిచి, తాను వాకిట్లో నిలబడతాడు. కరెంటు గురించి ఆయనకు తెలిసింది ఆ ఒక్క బటనే. అది కూడా ఎలా తెలిసిందంటే, క్యాంటీన్‌లో ఇడ్లీపిండి రుబ్బే గ్రైండరు ఒకటుండేది, దాని చుట్టూ ఎప్పుడూ కడుగునీళ్ళే. ఒక వానాకాలం పొద్దున దాని మీద చెయ్యి వేశాడో లేదో వేళ్ళు జుమ్మన్నాయి, అదే క్షణంలో ట్రిప్ స్విచ్ పడిపోయింది. ఆ రోజు బావిలో ఎవరికీ ఇడ్లీ దొరకలేదు. యెషయా మాత్రం ఇంటికి నడిచొచ్చాడు. అప్పటినుంచి ఆయన దేవుడి తర్వాత నమ్ముకున్నది ఆ బటన్‌నే.

ఎవరింటికైనా పోగానే ఆయన మొదటి ప్రశ్న, "మీ ఇంట్ల నీళ్ళేడున్నయ్ బిడ్డా?" పాపం వాళ్ళు చెంబుతో తెచ్చిస్తారు. తాగి, మూతి తుడుచుకుని, "గివి గాదు, కుళాయిలు, కుళాయిలు" అంటాడు. నీళ్ళున్న చోటల్లా ఆ ట్రిప్ స్విచ్ కాపలా ఉండాలని ఆయన పట్టు, ఆ తర్వాత ఇల్లంతా తిరగడమే. ఆయన బావమరిది సాల్మన్‌కు స్తుతి అని కూతురుంది. ఆ పిల్లకు ఎక్కాల కన్నా ముందు ఇదే నేర్పాడు.

"కాపలా ఎక్కడెక్కడ ఉండాలె బిడ్డా?"

"బాత్‌రూముల గీజర్‌కు. వంటింట్ల కుళాయి పక్క ప్లగ్గుకు. వాషింగ్ మెషీన్‌కు. బయట బోరు మోటరుకు. మేడ మీద ప్లగ్గుకు."

"బెడ్రూముల?"

"ఆడ నీళ్ళుండయ్ గద మామా."

"ఎండకాలం కూలర్ పెడ్తవు గద!" అని యెషయా చప్పట్లు కొట్టేవాడు. పిల్ల నాలుక కరుచుకునేది. సాల్మన్ తల పట్టుకునేవాడు.

సాల్మన్ బడిలో లెక్కల సారు, పరువంటే ప్రాణం. ఆ పరువును బావ ఏ ఇంట్లో ఎప్పుడు తీస్తాడో తెలియక బతుకంతా బిక్కుబిక్కుమంటూనే గడిపాడు. పక్కింటి బుచ్చిరాములు ఇంట్లో వాడకట్టంతా కూర్చుని క్రికెట్ చూస్తున్నారు, ఆఖరి ఓవరు, ఆఖరి బంతి, బౌలరు పరుగెత్తుకొస్తున్నాడు. ఠక్! మీట పైకెత్తి టీవీ మళ్ళీ వచ్చేసరికి ఆటగాళ్ళు చేతులు కలుపుకుంటున్నారు. "ఏమైందే? ఎవలు గెలిచిండ్రే?" అని బుచ్చిరాములు గుండెలు బాదుకుంటే, యెషయా ఓదార్పుగా "నీ స్విచ్ గెలిచింది రాములూ" అన్నాడు. మంగలి షాపులో ఇంకా ఘోరం. హనుమండ్లు తల మీద మిషను సగం దాకా నడిచింది, యెషయా లోపలికొచ్చాడు, షాపులో కరెంటు పోయింది. మామూలుగా అయితే మీట ఎత్తగానే వస్తుంది. ఆ రోజు ఎత్తేలోపల వీధిలో కూడా పోయింది. హనుమండ్లు సాయంత్రం దాకా తలకు తువ్వాల చుట్టుకుని తిరిగాడు, దారిలో ఎవరు నమస్తే పెట్టినా తిట్టినట్టే చూశాడు. చర్చిలో కూడా ఒకసారి నొక్కాడు, ప్రసంగం నడుస్తుండగా మైకు ఆగిపోయింది. అక్కడ మాత్రం ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. మధ్యాహ్నం అన్నం వేళ దాటిపోతోంది మరి.

"అందరి మొగండ్లు తాగొచ్చి ఇజ్జత్ తీస్తరు. మా ఆయన బటన్ ఒత్తి తీస్తడు" అనేది క్యాథరిన్.

సాల్మన్ ఇంట్లోనైతే ఏకంగా చెడగొట్టాడు. ఒక క్రిస్మస్ ముందు బటన్ నొక్కితే ఏమీ కాలేదు. "అయ్యో బామ్మర్దీ, గట్టిగ ఒత్తి చెడగొట్టిన. నాదే తప్పు" అని తల గోక్కుని, మర్నాడు తనే మనిషిని తీసుకొచ్చి కొత్తది పెట్టించాడు. ఆ ముచ్చట సాల్మన్ ఊళ్ళో చెప్పని మనిషి లేడు. బావ ఇంకా నాలుగైదు ఇళ్ళలో ఇలాగే చెడగొట్టాడని తెలిశాక, "మనిషి గాదు, మేకు" అని పేరు కూడా పెట్టాడు.

అలాంటి బావను వెంటబెట్టుకుని స్తుతి నిశ్చితార్థానికి చెన్నూరు పోవలసి వచ్చింది.

పెళ్ళికొడుకు శ్రావణ్ మంచివాడు. స్తుతికి అతను నచ్చాడు, అతనికి స్తుతి ఇంకా నచ్చింది. చిక్కంతా శ్రావణ్ తండ్రి ఎబినేజర్‌తోనే. ఆయన పత్తి వ్యాపారం చేసి కొత్త ఇల్లు కట్టాడు. ఆ ఇంటిని ఎవరు ఒక్క మాటన్నా పడడు. ఇంతకుముందు శ్రావణ్‌కు వచ్చిన సంబంధం వాళ్ళు "గేటు రంగు జర ఎక్కువైంది" అన్నందుకు, వాళ్ళను అదే గేటులోంచి పంపించేశాడు. ఈ సంగతి విన్నప్పటినుంచి సాల్మన్‌కు నిద్ర లేదు. గేటు రంగుకే అంతైతే, కరెంటు తీస్తే?

"బావా, నీ కాల్మొక్త. గీ ఒక్క దినం బటన్ ముట్టకు. నా బిడ్డ బతుకు నీ ఏలు మీదున్నది."

యెషయా చాలాసేపు తన వేలు చూసుకున్నాడు. "ముట్ట బామ్మర్దీ. మాటిస్తున్న."

మాట ఇచ్చాడు కదా అని క్యాథరిన్ నమ్మలేదు. వ్యానులో దారి పొడుగునా మొగుడి కుడిచెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. చూసినవాళ్ళు ఈ వయసులో ఎంత ప్రేమో అని ముచ్చటపడ్డారు.

చెన్నూరులో దిగేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. ఎబినేజర్ ఎదురొచ్చి, చెమట కూడా తుడుచుకోనివ్వకుండా ఇల్లంతా తిప్పి చూపించాడు. "గిది గీజర్, నంబర్ వన్ కంపెనీ. గిది వంటిల్లు, కుళాయి పక్కపొంటే ప్లగ్గు, మిక్సీకి సులువని. మేడ మీద వాషింగ్ మెషీన్." ఒక్కో ప్లగ్గు దగ్గర యెషయా వేలు దానంతటదే లేవడం, ఆయన దాన్ని జేబులో కుక్కుకోవడం. సాల్మన్ ప్రతి గదిలోనూ "మస్తుంది! మస్తుంది!" అని ముందే అరుస్తూ నడిచాడు. గేటు దగ్గరైతే రంగు అదిరిపోయిందని రెండుసార్లు చెప్పాడు.

హాల్లో ఇనుప కూలర్ ఒకటి, చిన్నపాటి బీరువా అంత. భోరుమని తిరుగుతోంది, కింద నీళ్ళు కారి నేలంతా తడి. పెళ్ళికూతురికి చల్లగా ఉంటుందని కుర్చీ సరిగ్గా దాని పక్కనే వేశారు. మొదట ఎబినేజర్ తల్లి ఎలీసబెతవ్వను కూర్చోమన్నారు.

"అమ్మో, నేను గాడ కూసోను. కూలర్ కాడ కూసుంటెనే తిమ్మిర్లొస్తయ్. చెయ్యి ఆనిస్తే చీమలు పారినట్టైతది" అంది అవ్వ.

"మా అవ్వకు షుగర్. డాక్టర్ గోలీలు రాసిండు" అని సర్దిచెప్పింది ఎబినేజర్ చెల్లెలు జ్యోతిరాణి.

"చలికాలం అసలే ఉండయ్ బిడ్డా. కూలర్ బయటికి తీసిన కాడినుంచే మొదలైతయ్."

"ఊకె నస పెట్టకవ్వా, గోలీ ఏసుకో" అన్నాడు ఎబినేజర్. చుట్టాలంతా పాపం షుగర్, షుగర్ అని తలలూపారు. ఎవరో కాకరకాయ రసం తాగమన్నారు.

తల ఊపనివాడు యెషయా ఒక్కడే. చప్పుడు చేయకుండా లేచి వరండాలోకి నడిచాడు. మీటరు డబ్బా అక్కడే ఉంది. కిటికీలోంచి సాల్మన్ చూశాడు. బావ మూత తీశాడు. సాల్మన్ లేవబోయాడు. బావ వేలు లేచింది. సాల్మన్ గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

ఠక్.

అయిపోయింది, సంబంధం పోయింది అనుకున్నాడు. కానీ కూలర్ మోత ఆగలేదు. ఒక కన్ను తెరిచి చూశాడు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి! బావ నొక్కినా కరెంటు పోని ఇల్లు ఈ భూమ్మీద ఇదొక్కటే కాబోలు. దేవుడా, నీ దయ! సాల్మన్‌కు పోయిన ప్రాణం లేచొచ్చి, పక్కవాడితో కారణం లేకుండా నవ్వాడు కూడా.

అప్పుడే స్తుతిని తీసుకొచ్చారు. పట్టుచీర కుచ్చిళ్ళు తడవకుండా ఒక చేత్తో పైకి పట్టుకుని, వట్టి కాళ్ళతో ఆ తడి నేల మీద నడిచి, కూర్చోబోతూ ఆసరాకు ఇంకో చెయ్యి కూలర్ మీద ఆనించబోయింది. వరండాలోంచి యెషయా అది చూశాడు. ఈసారి వేలితో కాదు, అరచేత్తో మెయిన్ స్విచ్‌ను కిందికి లాగేశాడు.

ఇల్లంతా ఆగింది. స్తుతి చెయ్యి కూలర్ మీద పడింది, ఏమీ కాలేదు, కూర్చుంది. క్షణంలో హాలు పొయ్యిలా మారింది. "మంచి మాట మాట్లాడే యాళ్ళకు కరెంటు తీస్తరా ఎవలన్న?" అని జ్యోతిరాణి లేచింది. "ఎవలు బందు చేసిండ్రు?" అని ఎబినేజర్ గర్జించాడు. ఆడపెళ్ళివారంతా ఒకే దిక్కు చూశారు.

సాల్మన్ అందరికన్నా ముందు వరండాలోకి ఉరికాడు. "మాటిస్తివి గద బావా! నా బిడ్డ బతుకు నాశనం చేస్తివి గద!"

"అరువకు బామ్మర్దీ" అన్నాడు యెషయా. "గా మీట చూడు. నేను ఒత్తిన, గది కింద పడ్డది. పడ్డంక గూడ ఫ్యాన్లు తిరిగినయ్."

"తిరిగితే మంచిదే గద!"

"మంచిదేంది? వైర్లు దీనిలకెల్లి పోతలేవు. దీన్ని తప్పించి ఇచ్చిండ్రు. గీ ఇంటికి కాపలా లేదు. గా అవ్వకు వచ్చేటియి షుగర్ తిమ్మిర్లు గావు."

సాల్మన్ వెనక్కి తిరిగేసరికి ఎబినేజర్ అక్కడే నిలబడి ఉన్నాడు. విన్నాడు. చుట్టాలు ఇంకా రాలేదు. ఆయన గొంతు తగ్గించి, "కూలర్ ఏసినప్పుడల్లా గది పడుతుండె. పరేషాన్ చేస్తుందని డైరెక్ట్ ఇప్పించిన..." అన్నాడు. "అంటే మా అవ్వ ఎండకాలమంత..." కండువాను ముఖానికి అదుముకున్నాడు.

అంతలో అందరూ వచ్చేశారు. జ్యోతిరాణి, ప్రార్థన చేయడానికి ఆడపెళ్ళివారితో వచ్చిన పాస్టరు అయ్యగారు, వాకిలి పట్టుకుని ఎలీసబెతవ్వ. "ఏమైందన్నా?" అని జ్యోతిరాణి అడిగినా ఎబినేజర్ కండువాను ముఖం మీంచి తీయలేదు. సాల్మన్ మనసులో లెక్క వేసుకున్నాడు. గేటు రంగు మాటకే సంబంధం తెంపుకున్న మనిషి, కన్నతల్లి ముందు, అయ్యగారి ముందు ఇలా నిలబడవలసి వస్తే, దీనికి సాక్షులైన వాళ్ళ పిల్లను జన్మలో కోడలిగా తెచ్చుకుంటాడా?

యెషయా ముందుకొచ్చి తల గోక్కున్నాడు. "నాదే తప్పు. గట్టిగ ఒత్తి చెడగొట్టిన. నాకు గీ బీమారి ఉన్నది, మా వాళ్ళందరికెరుకే. మనిషిని పిలిపించి మంచిగ చేయిస్త. గప్పటిదాంక కూలర్ ఎవ్వలు ముట్టకుండ్రి."

ఆ మాట సాల్మన్ ఇంతకుముందు విన్నదే. అదే తల గోక్కోవడం, అదే "నాదే తప్పు". ఆ క్రిస్మస్ ముందు తన భార్య వాషింగ్ మెషీన్ ముడితే చెయ్యి గుంజుతుందని రెండుమూడుసార్లు చెప్పింది. నీ భ్రమ అని తాను కొట్టిపారేశాడు. బావ వచ్చి నొక్కాడు, పనిచేయలేదు, నేనే చెడగొట్టానన్నాడు. ఏం చెడగొట్టాడు? అది అంతకుముందే చచ్చిపోయి ఉంది! ఇంటాయన నలుగురిలో చిన్నబోకూడదని నింద తన నెత్తిన వేసుకున్నాడు. మిగతా ఇళ్ళలోనూ ఇంతే అయి ఉంటుంది. తానేమో మేకు అని ఊరంతా చాటింపు వేశాడు. సిగ్గుతో సాల్మన్ చెవులు కాలాయి. బావ మీద ఎన్నడూ లేనంత ప్రేమ పొంగింది, అక్కడే కావలించుకుందామనిపించింది.

"ఇసొంటాయన్ను ఎందుకు తోలుకొచ్చిండ్రు?" జ్యోతిరాణి ఇంకా వదల్లేదు. "మా అన్న ముచ్చటపడి కట్టుకున్న ఇల్లు ఖరాబు చెయ్యనీకా?"

పరువే ప్రాణంగా బతికిన సాల్మన్ బావ పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"మా బావ ఒక్కడే గాదమ్మా. నేను గూడ ఒత్తిన."

యెషయా తెల్లబోయి చూశాడు.

"నేనైతే ఇంకా గట్టిగ ఒత్తిన" అన్నాడు సాల్మన్.

వెనక నుంచి స్తుతి కిసుక్కున నవ్వింది. ఎబినేజర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయన కళ్ళు తడిశాయో చెమటో తెలియదు కానీ, వచ్చి యెషయా భుజం మీద చెయ్యి వేశాడు.

"స్విచ్‌దేముంది, పోతే ఇంకోటొస్తది. ఇంట్ల ఉక్కపోస్తుంది, కుర్చీలు బయట పందిరి కింద ఏయుండ్రి. ప్రార్థన ఆడనే చేసుకుందాం. వియ్యంకుడా, నువ్వు గూడ రా. బటన్లు తర్వాత ఒత్తుదువు గని."

సాల్మన్ ఊపిరి పీల్చుకున్న చప్పుడు గేటు దాకా వినిపించి ఉంటుంది. పందిరి కింద అట్టముక్కలతో విసురుకుంటూ, శ్రావణ్, స్తుతి ఉంగరాలు మార్చుకున్నారు. ఎండ దెబ్బకు అయ్యగారి ప్రార్థన కూడా పొట్టిదైంది, ఎవరూ విచారించలేదు. పొద్దు వాలకముందే ఎబినేజరే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాడు. అతను వైర్లన్నీ మళ్ళీ స్విచ్‌లోంచి ఇచ్చి కూలర్ వేయగానే ఠక్‌మని పడింది. విప్పి చూస్తే లోపల నీళ్ళ మోటరు వైరు ఒలిచిపోయి ఇనుముకు ఆనుకుని ఉంది. అది సరిచేశాక ఎబినేజర్ ఎవరూ చూడకుండా తనే బటన్ నొక్కి, కరెంటు పోగానే, పక్కనున్న యెషయాతో గుసగుసగా "మంచిగ పడ్డది" అన్నాడు.

పెళ్ళి గోదావరిఖని చర్చిలో జరిగింది. మరుసటి ఆదివారం అక్కడి ఆరాధనలోనే ఎలీసబెతవ్వ సాక్ష్యం చెబుతానని లేచి మైకు పట్టుకుంది.

"ఎండకాలమంత తిమ్మిర్లతోటి సచ్చిన. గోలీలు మింగిన, కాకరకాయ తాగిన, తగ్గలే. మా మనుమని నిశ్చితార్థం నాడు అయ్యగారు ప్రార్థన చేసిండ్రు సూడుండ్రి, ఆనాటి సంది ఒక్క తిమ్మిరి లేదు! దేవుడు చేసిండు!"

సంఘమంతా స్తోత్రం అంది. అయ్యగారు వినయంగా తల వంచారు. ఎబినేజర్ నేల చూపులు చూశాడు. సాల్మన్ నవ్వు ఆపుకోలేక పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. యెషయా మాత్రం లేచి నిలబడి, అందరికన్నా గట్టిగా "ఆమేన్!" అన్నాడు. అని ఊరుకోలేదు.

"గానీ అవ్వా, షుగర్ గోలీలు మాత్రం బందు చెయ్యకు."

అవ్వ మైకు వదలకుండానే ఆయన్ని ఎగాదిగా చూసింది. "మా స్విచ్ ఖరాబు చేసినాయనవు నువ్వే గద? ఇగ నా గోలీల మీద పడ్డవా? కూసో!"

చర్చి ఘొల్లున నవ్వింది. యెషయా కూర్చుని, సాల్మన్ చెవి దగ్గరికి వంగాడు.

"గంత గట్టిగ కసురుకున్నదంటే, మంచిగనే ఉన్నది తీ బామ్మర్దీ" అన్నాడు, ఎంతో నిమ్మళంగా.